యుద్ధంలో చిక్కుకున్న జనానికి సాయం: తరచుగా అడిగే ప్రశ్నలు

సూడాన్, గాజా, ఉక్రెయిన్, అఫ్గానిస్తాన్ వార్తలు వచ్చినప్పుడల్లా మళ్ళీ మళ్ళీ ఎదురయ్యే ప్రశ్నలివి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి ఎంత చెప్పినా ఒడవదు.

యుద్ధంలో ఆకలితో ఉన్న జనానికి తిండి పెట్టాల్సిన బాధ్యత అసలు ఎవరిది?

ఆ నేల ఎవరి అదుపులో ఉంటే ముందు వాళ్ళది. దాతల వంతు ఆ తర్వాతే. చందాల పిలుపులు చూసి చూసి మనం దీన్ని తిరగేసి అర్థం చేసుకుంటాం, పెట్టనివాళ్ళదే తప్పన్నట్టు.

1949 నాటి నాలుగో జెనీవా ఒప్పందంలో ఈ సంగతి స్పష్టంగా ఉంది. ఒక ప్రాంతాన్ని ఆక్రమించిన సైన్యం తన శక్తి మేరకు అక్కడి జనానికి ఆహారం, మందులు సమకూర్చాలని 55వ అధికరణ చెబుతుంది. అవి చాలకపోతే బయటి నుంచి వచ్చే సాయానికి ఒప్పుకుని తీరాలని 59వ అధికరణ అంటుంది. అంతర్యుద్ధాల విషయానికొస్తే, నాలుగు ఒప్పందాల్లోనూ ఉమ్మడిగా ఉన్న మూడో అధికరణ ప్రకారం రెడ్‌క్రాస్ లాంటి పక్షపాతం లేని సంస్థ ‘మేము సాయం చేస్తాం’ అని ఇరుపక్షాలనూ అడగవచ్చు. జనాన్ని పస్తులు పెట్టి లొంగదీసుకోవడం, పంటపొలాలు, పశువులు, తాగునీటి ఏర్పాట్లు ధ్వంసం చేయడం నిషిద్ధమని 1977 నాటి మొదటి అదనపు ప్రోటోకాల్ 54వ అధికరణలో రాశారు. అంతర్జాతీయ నేర న్యాయస్థానాన్ని ఏర్పరచిన 1998 నాటి రోమ్ శాసనం దాన్ని యుద్ధనేరాల జాబితాలో చేర్చింది. మొదట అది దేశాల మధ్య యుద్ధాలకే వర్తించేది. 2019లో అంతర్యుద్ధాలకూ వర్తించేలా సవరించారు గానీ, ఆ సవరణకు ఒప్పుకున్న దేశాలు తక్కువ.

మన దేశం 1950లో జెనీవా ఒప్పందాలను ఆమోదించింది. 1960లో వాటి కోసం ఒక చట్టం కూడా చేసింది. 1977 ప్రోటోకాల్స్‌లో మాత్రం చేరలేదు.

చట్టం అంత స్పష్టంగా ఉంటే లారీలు సరిహద్దులో వారాల తరబడి ఎందుకు నిలబడతాయి?

తనిఖీ చేసే హక్కు సైన్యానికి ఉంది కాబట్టి. సాయం పేరుతో ఆయుధాలు వెళ్ళకుండా చూసుకోవడం తప్పేమీ కాదు. సాయాన్ని ఆపదలచుకున్నవాడు ‘ఇవ్వను’ అని చెప్పడు. ‘తనిఖీ చేస్తున్నాం’ అంటాడు. అది నిజమైన తనిఖీయా, సాకా అన్నది తెలుసుకోవాలంటే పని జరిగే తీరును దగ్గరగా చూడాలి.

గాజా సరిహద్దులో లారీలు దాటే చోటైన కెరెమ్ షాలోమ్ చూడండి. ఈజిప్టు వైపు నుంచి వచ్చిన లారీ నేరుగా లోపలికి పోదు. ప్యాలెట్లన్నీ, అంటే సరుకు పేర్చి కట్టిన చెక్క పలకలన్నీ, దించాలి, స్కాన్ చేయించాలి, అవతలి ఆవరణలో వేరే లారీకి మళ్ళీ ఎక్కించాలి. ఆ రెండో లారీకి డీజిల్ ఉండాలి, డ్రైవర్‌కు అనుమతి ఉండాలి, గోదాము దాకా పోయే దారి ఆ పూట తెరిచి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి తప్పినా స్కాన్ అయిన సరుకు అక్కడే ఎండలో పడి ఉంటుంది. అప్పుడు ఒకరు ‘మేం లోపలికి పంపేశాం, వాళ్ళే తీసుకుపోవడం లేదు’ అంటారు, ఇంకొకరు ‘తీసుకుపోనివ్వడం లేదు’ అంటారు. టీవీలో మనం వినే వాదనలో సగం ఇదే. ఇక ‘రెండు విధాలా పనికొచ్చేవి’ అనే జాబితా ఒకటుంది. మామూలు జనం అవసరాలకూ, యుద్ధానికీ రెంటికీ వాడగలరని అనుమానమున్న వస్తువులు అందులోకి వస్తాయి. ఒక్క వస్తువు అందులో పడితే లారీ మొత్తం వెనక్కి తిరగాల్సి రావచ్చు. పిల్లల వైద్య కిట్లలో కత్తెరలు ఉన్నాయని ఒక లారీని తిప్పి పంపారని 2024 మార్చిలో పాలస్తీనా శరణార్థుల ఐక్యరాజ్యసమితి సంస్థ అధిపతి లజారిని బహిరంగంగానే చెప్పారు.

సూడాన్‌లో అడ్డంకి వేరే. చాద్ నుంచి దార్ఫూర్‌కు వెళ్ళే అడ్రే దారిని 2024 ఫిబ్రవరిలో మూసేశారు, ఆగస్టులో తెరిచారు. తెరిచిన నెల ఏదో గమనించారా? జూన్ నుంచి సెప్టెంబరు దాకా అక్కడ వానాకాలం. వాగులు పొంగి మట్టి దారులు తెగిపోతాయి. ఎండల్లో లారీలను ఆపి వానల్లో ‘ఇక వెళ్ళండి’ అంటే కాగితం మీద అనుమతి ఇచ్చినట్టే, సరుకు మాత్రం చేరదు. అందుకే అనుభవమున్నవాళ్ళు వానలకు రెండు మూడు నెలల ముందే లోపల గోదాములు నింపుకోవాలని పట్టుబడతారు.

రాజకీయంగా పడని దేశాల మధ్య కూడా దారి దొరుకుతుంది. 2021లో భారత్ అఫ్గానిస్తాన్‌కు 50,000 టన్నుల గోధుమలు ప్రకటించింది. నేల మీద దారి పాకిస్తాన్ గుండానే. నెలల చర్చల తర్వాత 2022 ఫిబ్రవరి 22న అట్టారి నుంచి 50 లారీల్లో 2,500 టన్నులు మొదటి విడతగా కదిలాయి. లారీలు అఫ్గాన్‌వి, పంపిణీ ప్రపంచ ఆహార కార్యక్రమానిది. తర్వాత కొంత సరుకును ఇరాన్‌లోని చాబహార్ రేవు మీదుగా పంపారు.

ఒక మనిషికి రోజుకు ఎంత కావాలి?

ఆహారం 2,100 కిలోకేలరీలు. దీన్ని సరుకుగా మారిస్తే మామూలుగా వాడే రేషన్ ఇలా ఉంటుంది: గోధుమలు లేదా బియ్యం 400 గ్రాములు, పప్పు 60, నూనె 25, పోషకాలు కలిపిన సోయా-మొక్కజొన్న పిండి 50, చక్కెర 15, అయోడైజ్డ్ ఉప్పు 5. మొత్తం 555 గ్రాములు. నెలకు దాదాపు 16.6 కిలోలు. అంటే 20 టన్నుల లారీ ఒకటి 1,200 మందికి ఒక నెల సరిపోతుంది. లక్ష మంది ఉన్న పట్టణానికి నెలకు 83 లారీలు కావాలి. ‘నిన్న పది లారీలు వెళ్ళాయి’ అనే వార్త చదివినప్పుడు ఈ లెక్క దగ్గర పెట్టుకుంటే అది ఎంత మందికి, ఎన్ని రోజులకో మీకే తెలుస్తుంది.

లెక్కలో రానివి ఇంకా ఉన్నాయి. గోధుమలు గింజలుగా ఇస్తే మర పట్టించాలి. మర కూలి చేతిలో లేకపోతే రేషన్‌లోంచే కొంత అమ్ముతారు, ఆ మేరకు కడుపులు మాడతాయి. కాబట్టి పిండి ఇవ్వాలి, లేదా మర కూలికి సరిపడా గింజలు అదనంగా ఇవ్వాలి. పప్పు ఉడకడానికి కట్టెలు కావాలి. దార్ఫూర్ శిబిరాల నుంచి కట్టెల కోసం బయటికి వెళ్ళిన ఆడవాళ్ళ మీద దాడులు జరిగాయి. సంచిలో ఏం పెట్టాలో తేల్చేవాళ్ళు పొయ్యి సంగతి మరిచిపోతే జరిగేది అదే.

నీళ్ళు: తాగడానికి, వంటకు, కడుక్కోవడానికి కలిపి మనిషికి రోజుకు 15 లీటర్లు. మొదటి రోజుల్లో 7.5 లీటర్లతో నెట్టుకురావచ్చు. పదివేల మంది శిబిరానికి రోజూ లక్షన్నర లీటర్లు, అంటే మన ఊళ్ళలో తిరిగే పదివేల లీటర్ల ట్యాంకర్లు 15. ఒక కుళాయికి 250 మంది, ఒక చేతిపంపుకు 500 మంది మించకూడదు. నీడ: మనిషికి 3.5 చదరపు మీటర్లు, వంటకు వేరే చోటు. మరుగుదొడ్లు: మొదట్లో 50 మందికి ఒకటి, వీలైనంత త్వరగా 20 మందికి ఒకటి. ఆడవాళ్ళకు మూడైతే మగవాళ్ళకు ఒకటి అన్న పాళ్ళలో కట్టాలి. లోపల గడియ, దారిలో లైటు లేకపోతే రాత్రిళ్ళు వాటిని ఎవరూ వాడరు. గుంత నీటి వనరుకు కనీసం 30 మీటర్ల దూరంలో ఉండాలి. సబ్బు: ఒంటికి నెలకు 250 గ్రాములు, బట్టలకు 200.

ఇవన్నీ స్ఫియర్ ప్రమాణాలుగా ప్రసిద్ధం. 1994లో జైర్ (ఇప్పటి కాంగో)లోని గోమాలో, రువాండా శరణార్థుల శిబిరాల్లో జరిగిన ఘోరం తర్వాత, 1997లో ఆ కసరత్తు మొదలైంది.

బాగా చిక్కిపోయిన పిల్లలకు ముందు కడుపు నిండా అన్నం పెట్టాలి కదా?

పెడితే చనిపోవచ్చు. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి ఒక్కసారిగా పిండిపదార్థం చేరితే ఇన్సులిన్ ఎగసి, రక్తంలో ఉన్న పొటాషియం, ఫాస్ఫేట్ కణాల్లోకి లాగేసుకుంటుంది. గుండె లయ తప్పుతుంది. అందుకే మరీ విషమంగా ఉన్న పిల్లలకు ఆసుపత్రిలో ముందు ఎఫ్-75 అనే పలచటి పాలు ఇస్తారు. అందులో 100 మిల్లీలీటర్లకు 75 కిలోకేలరీలే ఉంటాయి, మాంసకృత్తులు తక్కువ. రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా లేపి పడతారు. ఆకలి తిరిగి వచ్చి, వాపు తగ్గాక చిక్కటి ఆహారానికి మారుస్తారు.

గుర్తించే పద్ధతి సులువు. ఆరు నెలల నుంచి ఐదేళ్ళ లోపు పిల్లల ఎడమ చేతి పైభాగం మధ్యలో రంగుల టేపు చుడతారు. 11.5 సెంటీమీటర్ల లోపు ఎరుపు, అంటే ప్రాణాపాయం. 12.5 దాకా పసుపు. ఎరుపులో ఉన్నా జ్వరం, వాపు లాంటివి లేకుండా ఆకలిగా తినగలిగితే ఆసుపత్రి అక్కర్లేదు. వేరుశనగ ముద్ద, పాలపొడి, నూనె, చక్కెర, విటమిన్లతో చేసిన 92 గ్రాముల పొట్లం ఒక్కొక్కటి 500 కిలోకేలరీలు ఇస్తుంది. ఏడు కిలోల బిడ్డకు రోజుకు దాదాపు మూడు. దాన్ని వండక్కర్లేదు, నీళ్ళు కలపక్కర్లేదు, బిడ్డే పొట్లం నోట్లో పెట్టుకుని చప్పరిస్తుంది. కలుషితమైన నీళ్ళున్న చోట ఇదే దాని గొప్ప. ఆరేడు వారాల వైద్యానికి సుమారుగా 150 పొట్లాల పెట్టె ఒకటి పడుతుంది. ఇంట్లో మిగతా పిల్లలకు తిండి లేకపోతే ఆ పొట్లాలు అందరూ పంచుకుంటారు, రోగి కోలుకోదు. కాబట్టి ఇంటి రేషన్ కూడా వెంట వెళ్ళాలి.

యుద్ధంలో తుపాకీ గుళ్ళ కంటే రోగాలే ఎక్కువ మందిని చంపుతాయంటారు. నిజమా?

చాలా యుద్ధాల్లో నిజమే. గోమాలో 1994 జులైలో వచ్చిన శరణార్థుల్లో మొదటి నెలలోనే దాదాపు 50,000 మంది చనిపోయారు. ఎక్కువ మందిని బలిగొన్నది కలరా, విరేచనాలు.

దీనికి విరుగుడు మన దేశంలోనే, యుద్ధ శరణార్థుల మధ్యే రుజువైంది. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి దాదాపు కోటి మంది ఇటు వచ్చారు. బెంగాల్ సరిహద్దులోని బొంగావ్‌లో కలరా చెలరేగింది, సెలైన్ సీసాలు అయిపోయాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, 3.5 గ్రాముల ఉప్పు, 2.5 గ్రాముల వంటసోడా చొప్పున పొట్లాలు కట్టించి, డ్రమ్ముల్లో కలిపి, రోగుల బంధువుల చేతే తాగించారు. ముప్పై శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి పడిపోయాయి. సూది పెట్టడానికి నర్సు కావాలి గానీ, చెంచాతో పట్టడానికి తల్లి చాలు. ఆ మాట అప్పటికి చాలామంది వైద్యులకు రుచించలేదు. ఆయనకు మరణానంతరం 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ పైన చదునుగా తలకొట్టి, కలిపి వాడొచ్చు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

నీటి శుద్ధికి 67 మిల్లీగ్రాముల క్లోరిన్ మాత్ర ఒకటి 20 లీటర్ల తేటనీటికి సరిపోతుంది. వేశాక అరగంట ఆగాలి. నీళ్ళు మట్టిగా ఉంటే ముందు గుడ్డలో వడకట్టి, తేర్చి, మాత్రలు రెండు వేయాలి. బురదనీటిలో క్లోరిన్ అంతా మట్టికే ఖర్చయిపోతుంది. జనం తీసుకునే నీటిలో లీటరుకు 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. ఇక్కడ జరిగే తప్పు ఒకటే: ట్యాంకర్ దగ్గర పరీక్షిస్తారు, గుడారంలోని బిందెలో పరీక్షించరు. చేతులు పెట్టి ముంచేది ఆ బిందెలోనే.

దారులు మూసేస్తే విమానాల నుంచి వేయొచ్చు కదా?

అన్ని దారులూ మూసుకుపోయాక ఆఖరి మార్గంగా వేయొచ్చు. 2024 మార్చి 2న అమెరికా మూడు సీ-130 విమానాలతో గాజాలో 38,000 భోజనాలు జారవిడిచింది. అక్కడున్నది ఇరవై లక్షలకు పైగా జనం. ఆరు రోజుల తర్వాత షాతీ శిబిరం దగ్గర ఒక పారాచూట్ తెరుచుకోక, పెట్టెలు మీద పడి ఐదుగురు చనిపోయారని అక్కడి వైద్యులు చెప్పారు.

ఖర్చు ఎలాగూ ఎక్కువే, అసలు చిక్కు పంపిణీలో. పైనుంచి పడ్డదాన్ని పరుగెత్తగలిగినవాడు పట్టుకుపోతాడు. బాలింతలు, ముసలివాళ్ళు పరుగెత్తలేరు. సిరియాలోని దేర్ ఎజ్-జోర్ మీద 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆహార కార్యక్రమం మొదటిసారి వేసిన 21 ప్యాలెట్లలో నాలుగు పగిలిపోయాయి, ఏడు ఎవరి అదుపులోనూ లేని నేలలో పడ్డాయి, పదింటి జాడే తెలియలేదు. గాలుల లెక్క సరిచూసుకుని, పారాచూట్లు మార్చి, కింద సిరియా రెడ్‌క్రెసెంట్ మనుషులను పెట్టాక ఏప్రిల్‌లో మళ్ళీ మొదలుపెట్టి 300కి పైగా విడతలు సజావుగా నడిపారు. కింద మనుషులు లేని ఎయిర్‌డ్రాప్ కెమెరాలకు పనికొచ్చినంతగా కడుపులకు పనికిరాదు.

మా కాలనీలో బట్టలు, బియ్యం, మందులు పోగు చేశాం. ఎలా పంపాలి?

పంపకండి. మాట కరుకుగా అనిపించినా ఇదే మంచి సలహా. కంటైనరు కిరాయి, కస్టమ్స్, రేవులో ఆలస్యమైతే కట్టే డెమరేజ్, అక్కడి గోదాము, మళ్ళీ లారీ, అన్నీ కలిపితే పాత బట్టల విలువకు ఎన్నో రెట్లు. పైగా ఆ పెట్టెలు దింపే మనుషులూ, గోదాములో చోటూ అసలు అవసరమైన సరుకుకు దక్కవు.

మందుల సంగతి మరీ దారుణం. 1992-96 మధ్య బోస్నియాకు దానంగా వచ్చిన మందుల్లో సగానికి పైగా పనికిరానివని తర్వాత తేలింది: గడువు దాటినవి, పేరు చదవలేనివి, అక్కడ లేని రోగాలవి. వాటిని కాల్చడానికీ పూడ్చడానికీ మళ్ళీ డబ్బు కావాల్సివచ్చింది. మందు గమ్యం చేరేసరికి ఇంకా ఏడాది గడువు ఉండాలనీ, లేబుల్ మీద జెనరిక్ పేరు ఉండాలనీ, ఎవరో వాడగా మిగిలినవి పంపకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమం.

డబ్బా పాలపొడి అస్సలు వద్దు. మురికినీటిలో కలిపిన పాలు బిడ్డకు విరేచనాలు పట్టిస్తాయి. ఈలోగా తల్లి పాలు తగ్గిపోతాయి. డబ్బా అయిపోయాక బిడ్డకు రెండూ ఉండవు. తల్లి లేని శిశువులకు పాలపొడి కావాలి నిజమే, కానీ అది ఆరోగ్య కార్యకర్త చేతుల మీదుగా, లెక్క ప్రకారం వెళ్ళాలి.

మరి డబ్బే చేతికిస్తే తాగుడుకు తగలేయరా?

ఈ అనుమానం మన రేషన్ డీలరు దగ్గర నుంచి ఐక్యరాజ్యసమితి దాకా అందరిదీ. నగదు సాయాన్ని ఎన్నో దేశాల్లో పరిశీలించారు. డబ్బు ప్రధానంగా తిండికీ, అద్దెకూ, మందులకూ, అప్పులు తీర్చడానికే పోతుంది. సరుకు ఇచ్చినా దానిలో కొంత అమ్ముకుని కావలసింది కొనుక్కుంటారు, కాకపోతే సగం ధరకు అమ్ముకుంటారు.

చూడాల్సింది బజారు. అంగట్లో సరుకు ఉండి కొనడానికి డబ్బు లేకపోతే నగదు ఇవ్వాలి. సరుకే లేని ముట్టడి ఊళ్ళో నగదు పంచితే ధర పెరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. సూడాన్‌లోని ఎల్ ఫాషెర్ ముట్టడిలో జనం అంబాజ్ తిని బతికారు. అంబాజ్ అంటే నూనె తీశాక మిగిలే వేరుశనగ చెక్క, మనం గేదెలకు పెట్టేది. చివరికి అదీ కరువైంది. అక్కడ జేబులో డబ్బున్నా చేసేదేమీ లేదు.

సూడాన్‌లోనే మిగతా చోట్ల వేరే దృశ్యం. ‘ఎమర్జెన్సీ రెస్పాన్స్ రూమ్స్’ పేరుతో వాడవాడకూ కుర్రాళ్ళు, ఆడవాళ్ళు కలిసి నడిపే సామూహిక వంటశాలలున్నాయి. విదేశాల్లోని బంధువులు మొబైల్ బ్యాంకు యాప్‌లో డబ్బు వేస్తే, వ్యాపారి కమీషన్ పట్టుకుని నోట్లిస్తాడు. పెద్ద గుండిగల్లో పప్పు ఉడుకుతుంది. పెద్ద సంస్థల తెల్ల జీపులు పోలేని వాడల్లో అన్నం పెట్టింది వీళ్ళే. పెద్ద దాతల దరఖాస్తు ఫారాలు, ఆడిట్ నియమాలు మాత్రం వీళ్ళను దృష్టిలో పెట్టుకుని రాసినవి కావు.

సాయం తుపాకీ పట్టినవాళ్ళకే చేరుతుందని తెలిస్తే ఆపేయాలా?

ఈ రంగంలో ఇంతకంటే కష్టమైన ప్రశ్న లేదు. ఎటు కదిలినా అడకత్తెరలో పోకచెక్కే.

గోమానే తీసుకుందాం. 1994లో రువాండాలో మారణహోమం చేసినవాళ్ళే ఓడిపోయి, లక్షల మంది జనాన్ని వెంటేసుకుని జైర్‌లోకి వచ్చారు. శిబిరాల్లో పాత అధికారులే పెద్దలయ్యారు. రేషన్ వాళ్ళ చేతుల మీదుగా పంచడం సులువు కాబట్టి సంస్థలు అలాగే పంచాయి. పెద్దలు తలల లెక్క పెంచి చెప్పారు, మిగులు అమ్ముకున్నారు, ఎదురు తిరిగినవాళ్ళ రేషన్ కోశారు, మళ్ళీ యుద్ధానికి సిద్ధమయ్యారు. 1994 నవంబరులో మెడిసిన్స్ సాన్ ఫ్రాంటియర్స్ (‘సరిహద్దులు లేని వైద్యులు’) అనే వైద్య సేవా సంస్థ ఫ్రెంచి విభాగం ‘హంతకులను మేపలేం’ అన్న వైఖరితో వెళ్ళిపోయింది. ఉన్నవాళ్ళు ‘మరి పిల్లల సంగతేమిటి’ అన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయముంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎవరు ఒప్పో తేల్చి చెప్పేవాళ్ళను పూర్తిగా నమ్మకండి.

అయితే అక్కడిదాకా రాకుండా చేసే పనులు కొన్ని ఖాయంగా తెలుసు. మొదటి వారంలోనే పెద్దల జాబితా పక్కనపెట్టి ఇంటింటికీ పేర్లు రాసుకోవాలి. కార్డు వీలైనంతవరకు ఇంటి ఆడమనిషి పేరున ఇవ్వాలి. తూకం అందరి ముందూ వేయాలి, ఎవరికి ఎంత రావాలో బొమ్మలతో బోర్డు పెట్టాలి. పంచిన రెండు వారాలకు ఇళ్ళకు వెళ్ళి ఎంత చేరిందో అడగాలి. బజారులో మన సంచులు ఏ ధరకు అమ్ముడవుతున్నాయో చూడాలి. బియ్యం దొంగిలించడానికి పనికొస్తుంది. ఉడికిన గంజి, పిల్లల పొట్లాలు, టీకాలు అంతగా పనికిరావు. దొంగతనం ఎక్కువైతే మొత్తం ఆపేయడం కంటే సరుకు రకం మార్చడం మంచి ఆలోచన.

ఇటు భయం ఎక్కువైనా ముప్పే. 2011 సోమాలియా కరువులో ఒకవైపు అల్-షబాబ్ అనే సాయుధ ముఠా సాయం చేసే సంస్థలను వెళ్ళగొట్టింది, ఇంకోవైపు ఉగ్రవాద నిరోధక చట్టాల భయంతో దాతలు వెనకాడారు. తిలా పాపం తలా పిడికెడు. ఆ కరువులో దాదాపు రెండున్నర లక్షల మంది పోయారని తర్వాతి అంచనా. 2022 డిసెంబరులో భద్రతామండలి 2664 తీర్మానంతో ఆస్తుల స్తంభన ఆంక్షల నుంచి మానవతా సాయానికి మినహాయింపు ఇచ్చింది. బ్యాంకులు మాత్రం ఇప్పటికీ ‘సిరియా’, ‘సూడాన్’ అన్న పేరు కనబడితే చాలు, లావాదేవీ ఆపేస్తుంటాయి.

కరువు అని ఎవరు ప్రకటిస్తారు? అంతదాకా ఎందుకు ఆగుతారు?

ఆహార కొరత ఎంత తీవ్రమో కొలిచే ఐపీసీ అనే అంతర్జాతీయ వర్గీకరణ ఉంది (మన శిక్షాస్మృతి కాదు). ఒక ప్రాంతంలో ఐదింట ఒక ఇంటికి తిండి పూర్తిగా కరువైతే, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా చిక్కిపోతే, రోజుకు పదివేల మందిలో ఇద్దరు ఆకలితోనో, ఆకలీ రోగం కలిసో చనిపోతుంటే కరువు అంటారు. 2024 ఆగస్టులో దార్ఫూర్‌లోని జమ్‌జమ్ శిబిరంలో, 2025 ఆగస్టులో గాజా నగర ప్రాంతంలో అలా నిర్ధారించారు.

ఆగకూడదు. సోమాలియాలో 2011 జులైలో ప్రకటించేసరికే చనిపోవాల్సినవాళ్ళలో సుమారు సగం మంది చనిపోయారు. లోపలికి ఎవరినీ పోనివ్వని చోట మరణాల లెక్కే దొరకదు, లెక్క లేదు కాబట్టి కరువు లేదని వాదిస్తారు.

తటస్థత అంటే నోరు మూసుకోవడమేనా?

అందరికీ ఒకటే జవాబు లేదు. అంతర్జాతీయ రెడ్‌క్రాస్ కమిటీ జైళ్ళలో ఖైదీలను చూసి, కనబడినదాన్ని ఆ ప్రభుత్వానికే రహస్యంగా చెబుతుంది. అందువల్లే మళ్ళీ జైలు తలుపు తెరుస్తారు. అదే కమిటీ 1942 అక్టోబరులో నాజీల అకృత్యాల మీద బహిరంగ విజ్ఞప్తి చేయకూడదని నిర్ణయించుకుంది. తర్వాత దాన్ని తన వైఫల్యంగానే ఒప్పుకుంది. నైజీరియాలోని బియాఫ్రా యుద్ధంలో పనిచేసిన ఫ్రెంచి డాక్టర్లు, కొందరు విలేకరులు కలిసి 1971లో మెడిసిన్స్ సాన్ ఫ్రాంటియర్స్ పెట్టారు. వైద్యంతోపాటు చూసింది చెప్పడం కూడా వాళ్ళ పనిలో భాగమైంది. చెప్పినందుకు వెళ్ళగొట్టించుకున్న సందర్భాలూ ఉన్నాయి. ఒకే ఊళ్ళో నోరు విప్పేవాళ్ళూ, విప్పనివాళ్ళూ ఇద్దరూ ఉంటేనే జనానికి మేలు.

ఆసుపత్రి మీద రెడ్‌క్రాస్ గుర్తు ఉన్నా బాంబులు వేస్తున్నారు కదా, ఇక ఆ గుర్తెందుకు?

2015 అక్టోబరు 3న అఫ్గానిస్తాన్‌లోని కుందూజ్ ఆసుపత్రి మీద అమెరికా విమానం దాడిలో 42 మంది చనిపోయారు. ఆసుపత్రి ఎక్కడుందో జీపీఎస్ వివరాలను దాన్ని నడిపే మెడిసిన్స్ సాన్ ఫ్రాంటియర్స్ నాలుగు రోజుల ముందే మరోసారి పంపింది. వివరాలు ఇవ్వడం, అందడం, గురి పెట్టేవాడి తెర మీదికి అవి చేరడం మూడూ వేర్వేరు పనులు. అయినా గుర్తుంటే ‘మాకు తెలియదు’ అనే సాకు ఉండదు, విచారణలో అదే సాక్ష్యం. 2024లో ప్రపంచవ్యాప్తంగా 380కి పైగా సాయం చేసేవాళ్ళు హతమయ్యారు. వాళ్ళలో అత్యధికులు విదేశీయులు కారు, ఆ ఊరివాళ్ళే.

ఇక్కడ ఒక సంగతి. మన వీధుల్లో డాక్టర్ల కార్ల మీద, మెడికల్ షాపుల బోర్డుల మీద కనిపించే తెల్లటి నేల మీది ఎర్ర శిలువ వాళ్ళది కాదు. 1960 చట్టం ప్రకారం అనుమతి లేకుండా వాడటం నేరం. ప్రతి గోడ మీదా ఆ గుర్తు ఉంటే యుద్ధంలో దాని విలువ తగ్గిపోతుంది.

ఇక్కడి నుంచి డబ్బు పంపాలంటే?

మూడు దారులు. ఒకటి, మన దేశంలో నమోదైన సంస్థకు ఇవ్వడం. పన్ను మినహాయింపు, అందరూ 80జీ అని పిలిచేది, కావాలంటే 2,000 రూపాయలు దాటిన మొత్తం నగదుగా ఇవ్వకూడదు. రెండు, విదేశీ సంస్థకు నేరుగా పంపడం. విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వ్ బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద ఏడాదికి 2.5 లక్షల డాలర్ల పరిమితిలో విరాళాలూ వస్తాయి. 80జీ వర్తించదు. మూడు, అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉన్న మనవాళ్ళు అక్కడి సంస్థకే ఇచ్చి అక్కడి పన్ను రాయితీ తీసుకోవడం. చాలాసార్లు ఇదే సులువు.

ఇక్కడి ట్రస్టులు పడే గుంతలు రెండు. మన ట్రస్టు పోగుచేసిన డబ్బు దేశం బయట ఖర్చుపెడితే, కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు ముందస్తు ఆమోదం లేకుండా, ఆ మేరకు ఆదాయపన్ను మినహాయింపు పోతుంది. రెండోది ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్‌ఆర్‌ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్‌ఏ నమోదు, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా లేకుండా తీసుకోకూడదు. వాట్సాప్ గ్రూపులో క్యూఆర్ కోడ్ పెట్టి అందరి దగ్గరా వసూలు చేసే ముందు ఎవరు ఏ పౌరులో అడగండి.

ఫలానా సంక్షోభానికే అని రాయకుండా ‘అవసరమున్న చోట వాడండి’ అని ఇస్తే ఇంకా మేలు. కెమెరాలు వెళ్ళిన చోటికి డబ్బు ఎలాగూ వెళ్తుంది. సూడాన్‌కు వెళ్ళదు.

మా అబ్బాయి డాక్టరు. అక్కడికి వెళ్ళి సేవ చేస్తానంటున్నాడు.

సొంతంగా టికెట్ కొనుక్కుని వెళ్ళొద్దని చెప్పండి. అతనికి తిండి, నీళ్ళు, కారు, కాపలా, ప్రమాదమైతే బయటికి తెచ్చే ఏర్పాటు అక్కడి జనం వాటాలోంచే పోతాయి. మత్తు డాక్టర్లు, సర్జన్లు, ప్రసూతి వైద్యులు, నీటి ఇంజనీర్లు, గోదాము-రవాణా అనుభవజ్ఞులకు గిరాకీ ఉంది. సంస్థలు సాధారణంగా కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతాయి. దరఖాస్తు నుంచి ప్రయాణం దాకా నెలలు పడుతుంది.

మా పిల్లలు చదువుతున్న దేశంలోనే యుద్ధం మొదలైతే?

వెళ్ళిన వారంలోనే రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. 2022లో ఉక్రెయిన్ నుంచి ఆపరేషన్ గంగ, 2023లో సూడాన్ నుంచి ఆపరేషన్ కావేరి నడిచినప్పుడు అలాంటి జాబితాలు పనికొచ్చాయి. పాస్‌పోర్టు, వీసా కాపీలు ఫోన్లోనే కాక కాగితం మీదా ఉండాలి. కార్డులు పనిచేయని రోజుల కోసం కొద్దిగా డాలర్లో యూరోలో నగదు, పవర్ బ్యాంకు, రెండు రోజుల తిండి పెట్టుకోవాలి. ఉక్రెయిన్‌లో మన విద్యార్థులు పోలండ్, రుమేనియా, హంగరీ, స్లొవేకియా సరిహద్దుల దగ్గర చలిలో గంటల తరబడి నిలబడ్డారు. సరిహద్దు దాటాకే మన విమానం. ఢిల్లీ చేరినవాళ్ళను ఊరికి పంపడానికి ఆంధ్రా భవన్, తెలంగాణ భవన్ హెల్ప్‌డెస్కులు పెట్టాయి. ఆ నంబర్లు ముందే రాసి ఇవ్వండి.

శిబిరాల్లోని పిల్లల ఫొటోలు షేర్ చేస్తే సాయం చేసినట్టేనా?

ముఖం, పేరు, ఊరు మూడూ కలిసి కనిపించే ఫొటో ఆ కుటుంబాన్ని వెతికేవాళ్ళకు చిరునామా అవుతుంది. అత్యాచార బాధితులు, సైన్యం నుంచి తప్పించుకున్నవాళ్ళ విషయంలో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. మీ బిడ్డ ఆ స్థితిలో ఉంటే పెట్టనిచ్చే ఫొటోయేనా అని చూసుకోండి. ఆ ఫొటో ఎప్పటిదో కూడా చూడండి. సిరియాలో పదేళ్ళ కిందట తీసిన బొమ్మ ‘ఈ రోజు గాజా’ అని తిరుగుతుంటుంది. రివర్స్ ఇమేజ్ సెర్చ్‌కు పట్టేది అర నిమిషం. అది అబద్ధమని తేలిన రోజున నిజమైన ఫొటోను కూడా ఎవరూ నమ్మరు.